సర్వదమన్ చౌలా

సర్వదమన్ చౌలా (అక్టోబర్ 22, 1907 – డిసెంబర్ 10, 1995) ప్రముఖ భారతీయ సంఖ్యాశాస్త్రవేత్త. 1933 నుండి 1936 వరకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితాచార్యునిగా పనిచేశాడు. ఒకే ఒక్క సంఖ్యను చూపి శ్రీనివాస రామానుజన్ ప్రతిపాదనలో లోపమున్నదని నిరూపించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. ఈయన పేరుతో ఉన్న ఒక ప్రతిపాదన కూడా 2024లో ఒక పెద్ద ప్రధాన సంఖ్య మూలంగానే వీగిపోయింది.

జీవితం

చౌలా లండనులో జన్మించాడు. తండ్రి గోపాల్ సింగ్ చౌలా లాహోరు ప్రభుత్వ కళాశాలలో గణితాచార్యుడు. కేంబ్రిడ్జిలో లిటిల్‌వుడ్ పర్యవేక్షణలో పరిశోధన చేసి 1931లో డాక్టరేటు పొందాడు. ఢిల్లీ, కాశీలలో కొంతకాలం బోధించిన పిమ్మట వాల్తేరు చేరాడు. అప్పటి ఉపకులపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆ రోజులలో విజయనగరం విశాఖపట్టణం జిల్లాలోను, శ్రీకాకుళం గంజాం జిల్లాలోను ఉండేవి. విజయనగరం మహారాజా కళాశాల ఈ విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాలగా ఉండేది.

వాల్తేరు కాలం

4ను ధన పూర్ణాంకాల మొత్తంగా 5 విధాలుగా వ్రాయవచ్చును: 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. వీటిని 4 యొక్క విభజనలు అంటారు. విభజనల సంఖ్యకు 5, 7, 11 అనే ప్రధాన సంఖ్యలతో విచిత్రమైన సంబంధం ఉన్నదని రామానుజన్ గుర్తించి, వాటి ఘాతాలకు కూడా వర్తించే నియమాన్ని ప్రతిపాదించాడు. ఉదాహరణకు ఒక సంఖ్యను 24తో గుణించి, 7 యొక్క ఘనమైన 343తో భాగిస్తే శేషం 1 రావాలి. అప్పుడు ఆ సంఖ్య యొక్క విభజనల సంఖ్య 343తో నిశ్శేషంగా భాగింపబడాలి.

243 అటువంటి సంఖ్యే (24×243 = 5832 = 17×343+1). హంసరాజ్ గుప్తా తయారుచేసిన పట్టికల ప్రకారం 243కు 133978259344888 విభజనలున్నాయి. ఈ సంఖ్య 49తో భాగింపబడుతుంది గాని, 343తో భాగిస్తే 245 మిగులుతుంది. చౌలా 1934లో ఈ విషయాన్ని ప్రకటించాడు. లెక్కలన్నీ చేతితో చేసుకునే ఆ కాలంలో పట్టిక తయారీయే పెద్ద శ్రమ కనుక, ఈ ఖ్యాతిలో గుప్తాకు కూడా భాగముంది. 7కు సంబంధించిన నియమాన్ని వాట్సన్ 1938లో సవరించి నిరూపించాడు. 5, 11లకు రామానుజన్ చెప్పినదే నిలిచింది.

అమెరికాలో

1936లో లాహోరు వెళ్ళిన చౌలా దేశ విభజన తరువాత అమెరికాలో స్థిరపడి, కాన్సస్, కొలరాడో, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయాలలో పనిచేశాడు. వయోమింగ్ రాష్ట్రంలోని లారమీలో మరణించాడు.

ఆన్‌కెనీ–ఆర్టిన్–చౌలా ప్రతిపాదన

ఈ ముగ్గురి 1952 నాటి పరిశోధనాపత్రం నుండి వచ్చిన ప్రతిపాదన ఇది. 4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్య p అనుకొంటే, t² − pu² విలువ 4 గాని −4 గాని అయ్యే అతి చిన్న ధన పూర్ణాంకాలలో u ఎన్నడూ p తో భాగింపబడదు. p = 61 అయితే 39² − 61×5² = −4; ఇక్కడ u = 5. ప్రాచీన భారతీయ గణితంలో ఇటువంటి సమీకరణాలకు వర్గప్రకృతి అని పేరు. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దిలో 61నే ఉదాహరణగా తీసుకున్నాడు.

20,000 కోట్ల వరకు గల ప్రధాన సంఖ్యలను కంప్యూటర్లతో పరీక్షించినా వ్యతిరేక ఉదాహరణ దొరకలేదు. అయినా సందేహం మిగిలే ఉంది. u అనేది p తో భాగింపబడే అవకాశం సుమారు 1/p అనుకొంటే, ప్రధాన సంఖ్యల విలోమాల మొత్తానికి హద్దు లేదు గనుక ఎక్కడో ఒకచోట ప్రతిపాదన తప్పాలి. కాని ఆ మొత్తం అత్యంత మందగతిలో పెరుగుతుంది. చివరకు 2024లో ఆండ్రియాస్ రైన్‌హార్ట్ 331914313984493 అనే ప్రధాన సంఖ్య వద్ద ప్రతిపాదన తప్పుతున్నదని చూపాడు. 243 యొక్క విభజనల సంఖ్యలో వలెనే ఇందులోనూ 15 అంకెలున్నాయి.