ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం

మహనీయుల జీవితాలను స్మరించుకోవడం కళాశాల సంచికలకు పరిపాటి. కవులను, దేశభక్తులను, శాస్త్రజ్ఞులను గురించి ఈ పుటలలో పలుమార్లు చదువుకొన్నాము. ఈసారి మేము స్మరించదలచిన వ్యక్తి వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన నేర్పిన పాఠం మాత్రం ఢిల్లీలో, మెల్‌బోర్న్‌లో, రోములో, జకార్తాలో వేలాది ప్రేక్షకుల ఎదుట ఒప్పజెప్పబడింది. భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడలలో రెండుసార్లు స్వర్ణపతకం పొందింది. రెండుసార్లూ ఆ జట్టుకు శిక్షకుడు మన హైదరాబాదు నగరవాసి, రహీం సాహెబ్‌గా అందరూ గౌరవించిన సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఎ. పట్టా పుచ్చుకొన్నారు. అటుపిమ్మట ఉపాధ్యాయవృత్తిని స్వీకరించి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామవిద్యలో డిప్లొమా కూడా సంపాదించారు. విద్యార్థిదశ నుండి ఆయనకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అయితే తాను ఆడిన ఆటకన్న ఇతరులచేత ఆడించిన ఆటవల్లనే ఆయన పేరు నిలిచింది. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. మరణించేవరకు, అనగా 20 సంవత్సరాలపాటు, ఆ బాధ్యతను విడువలేదు.

ఆ రోజులలో మన దేశంలో ఫుట్‌బాల్ అంటే వ్యక్తిగత ప్రతాపమే. బంతి కాలికి చిక్కిన ఆటగాడు ఇద్దరు ముగ్గురిని తప్పించుకొంటూ దానిని వదలకుండా తీసుకొనిపోవడమే గొప్ప. జనం చప్పట్లు కొట్టేదీ దానికే. రహీం సాహెబ్ ఈ పద్ధతిలోని లోపాన్ని గుర్తించారు. ఒక్కడు బంతిని పట్టుకొని తిరుగుతుంటే మిగిలిన పదిమంది ప్రేక్షకులవుతారు. పదకొండుమంది పదకొండు స్థానాలలో కదులుతూ, బంతిని క్షణమైనా నిలువనీయక ఒకరికొకరు అందించుకొంటేనే అది జట్టు అవుతుంది.

ఈ సంగతిని ఆయన ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. ఉపాధ్యాయుడు గనుక అభ్యాసాలు కల్పించారు. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టారు. బంతి అందగానే తోటివానికి పంపవలసిందే, సొంత విద్య ప్రదర్శించరాదు. బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలసిన పోటీలు పెట్టారు. కుడికాలివాటం వాడు ఎడమకాలితో, ఎడమకాలివాటం వాడు కుడికాలితో ఆడాలి. చిన్నపిల్లలకు ఎత్తునుబట్టి విడిగా పోటీలు నడిపారు. మొదట నవ్వుకొన్నవారు కూడా, కొన్నేళ్లకు హైదరాబాదు ఆటగాళ్లు రెండు కాళ్లతోనూ సమానంగా, చూపు తిప్పినంత వేగంగా బంతిని అందించుకోవడం చూచి ఆశ్చర్యపోయారు.

ఆ శిక్షణ ఫలితాన్ని ముందుగా చవిచూచినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. 1950లో రహీం సాహెబ్ ఆ జట్టు శిక్షణభారం వహించారు. అదే సంవత్సరం బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచిన ఆ జట్టు 1954 వరకు వరుసగా ఐదుసార్లు దానిని మరొకరికి దక్కనీయలేదు. స్వాతంత్ర్యానంతరం 1950లో పునఃప్రారంభమైన డ్యూరాండ్ కప్పు కూడా మనవారికే లభించింది. మళ్లీ 1954, 1957, 1961 సంవత్సరాలలో ఆ కప్పు ఈ పోలీసు జట్టుదే. కలకత్తా మహాజట్లే ఫుట్‌బాల్‌కు సర్వస్వమని దేశం భావిస్తున్న కాలమది. జీతాలు తక్కువై, సౌకర్యాలు అంతంతమాత్రమైన పోలీసు ఉద్యోగులతో కూడిన జట్టు ఆ భావనను తలక్రిందులు చేసింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని సైతం 1956-57, 1957-58 సంవత్సరాలలో హైదరాబాదు వరుసగా రెండుమార్లు గెలుచుకొన్నది.

ఇక భారత జట్టు సంగతి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లు పలువురు ఉత్తపాదాలతో ఆడి, ఫ్రాన్సుకు 2-1 తేడాతో ఓడినా మెప్పు పొందారు. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు రహీం సాహెబ్ శిక్షకుడు, శైలేన్ మన్నా నాయకుడు. ఇండొనేషియాను, ఆఫ్ఘనిస్థాన్‌ను దాటి, తుదిపోటీలో మేవాలాల్ చేసిన ఏకైక గోలుతో ఇరాన్‌ను ఓడించి భారత్ స్వర్ణపతకం కైవసం చేసుకొన్నది.

ఆ ఆనందం ఎంతోకాలం నిలువలేదు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఘోరంగా ఓడిపోయింది. చలిదేశపు నేలమీద బూట్లు లేని పాదాలు నిలదొక్కుకోలేకపోయాయి. అంతకన్న ముఖ్యంగా, ఐరోపా జట్ల వ్యూహం ముందు మన పాత పద్ధతులు చిత్తయినాయి. ఆ ఒలింపిక్స్‌లో రజతపతకం పొందినది ఆ యుగోస్లావియాయే. ఇటువంటి పరాజయం తరువాత వాతావరణాన్నో అదృష్టాన్నో నిందించి ఊరుకొనేవారు లోకంలో ఎక్కువ. రహీం సాహెబ్ ఓటమిని పాఠ్యపుస్తకంగా చదివారు. అటుపిమ్మట మన దేశంలో బూట్లు ధరించడం తప్పనిసరి అయింది. అదే ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హంగరీ జట్టు ఆటతీరును ఆయన శ్రద్ధగా పరిశీలించారు. ముందువరుసలో నిలిచే సెంటర్ ఫార్వర్డ్‌ను కొంచెం వెనుకకు తెచ్చి, అక్కడినుండి దాడిని నడిపించే వారి పద్ధతిని మన ఆటగాళ్ల శరీరదారుఢ్యానికి, వేగానికి తగినట్లు మలచారు.

దాని ఫలితం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనబడింది. హంగరీ పోటీకి రాకపోవడంతో మన జట్టు క్వార్టర్ ఫైనలు చేరింది. అక్కడ ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన మొదటి ఆసియావాసిగా చరిత్రకెక్కాడు. ఒలింపిక్ సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు కూడా మనదే. సెమీఫైనలులో మళ్లీ ఆ యుగోస్లావియాయే ఎదురైంది. మొదటి గోలు మనవారే చేశారు. చివరకు 4-1 తేడాతో ఓడినా, నాలుగేళ్ల క్రిందట పది గోలులు తిన్న జట్టుకూ ఈ జట్టుకూ పోలికే లేదు. కాంస్యపతకం పోటీలో బల్గేరియా చేతిలో ఓడి నాలుగవ స్థానంతో తిరిగివచ్చారు. నేటికీ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అందుకొన్న శిఖరం అదే. ఆ జట్టులో నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, పీటర్ తంగరాజ్ మొదలైన మన ప్రాంతపు ఆటగాళ్లు ఉండటం మనకు గర్వకారణం.

బలరాం పేరు వచ్చింది గనుక ఒక్కమాట. తులసీదాస్ బలరాం సికింద్రాబాదు శివార్లలోని అమ్ముగూడలో నిరుపేద తమిళ కుటుంబంలో పుట్టినవాడు. ఆ బాలుని ఆటను చూచిన రహీం సాహెబ్ నగరానికి శిక్షణకు రమ్మన్నారు. అంతదూరం వచ్చిపోవడానికి దారిఖర్చు లేదని తెలిసి, సైకిలు అద్దెకు రోజుకు ఒక రూపాయి చొప్పున తానే ఇచ్చారట. ఆ అద్దె సైకిలుమీద వచ్చిన కుర్రవాడే 1960 రోము ఒలింపిక్స్‌లో హంగరీమీద, పెరూమీద గోలులు చేసి దేశానికి పేరు తెచ్చాడు. గురువు శిష్యుని కులమతాలను, భాషను చూడలేదు. కాలిలోని నేర్పును, కంటిలోని ఆకలిని చూశాడు.

రోములో మనకు దక్కిన వర్గం కఠినమైనది. హంగరీతో 2-1 తేడాతో, పెరూతో 3-1 తేడాతో ఓడినాము. పి.కె. బెనర్జీ గోలుతో ఫ్రాన్సును 1-1తో నిలువరించాము. ఆ బృందంలో రహీం సాహెబ్ కుమారుడు ఎస్.ఎస్. హకీం కూడా ఉన్నాడు. కాని తండ్రి శిక్షకుడైనా కుమారునికి ఒక్క పోటీలోనైనా మైదానంలో దిగే అవకాశం రాలేదు. బంధుప్రీతి మర్యాదగా చెలామణి అవుతున్న లోకంలో ఈ ఒక్క విషయమే ఆయన వ్యక్తిత్వానికి కొలబద్ద. హకీం తరువాతి కాలంలో అంతర్జాతీయ రిఫరీగా పేరుపొంది, 2021లో కన్నుమూశారు.

రహీం సాహెబ్ జీవితంలో కడపటి అధ్యాయం 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే కేన్సరు వ్యాధి ఆయన ఆరోగ్యాన్ని తినివేస్తున్నది. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా 2-0 తేడాతో మనలను ఓడించింది. తరువాత థాయిలాండును 4-1 తేడాతో, జపాన్‌ను 2-0 తేడాతో గెలిచి సెమీఫైనలు చేరాము. ఈలోగా వెన్నెముకవంటి బ్యాక్ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్ కీపరు తంగరాజ్ జ్వరంతో మంచమెక్కాడు. కుట్లుపడిన తలతో జర్నైల్ తన స్థానంలో నిలబడి పోరాడటం కష్టం. అతనిని బెంచిమీద కూర్చోబెట్టడం నష్టం. రహీం సాహెబ్ ఎవరూ ఊహించని పనిచేశారు. రక్షకుడైన జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీఫైనలులో దక్షిణ వియత్నాంను 3-2 తేడాతో గెలిచినప్పుడు నాయకుడు చునీ గోస్వామి రెండు గోలులు చేయగా, మూడవది జర్నైల్ చేశాడు.

సెప్టెంబరు 4న తుదిపోటీ. ఎదుట తమను ఓడించిన దక్షిణ కొరియా. చుట్టూ లక్షమంది ప్రేక్షకులు. వారిలో అత్యధికులు మనమీద ఆగ్రహంతో ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానీయకపోవడాన్ని భారతీయ ప్రతినిధి జి.డి. సోంధీ ఆక్షేపించడం ఆ కోపానికి కారణం. మన రాయబార కార్యాలయంమీదికి గుంపులు వెళ్లాయి. మైదానంలో మన జాతీయగీతం ఈలల మధ్య మునిగిపోయింది. ఆ జనసముద్రంలో మనవారి పక్షాన గొంతెత్తినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉండటం చరిత్రలో అపురూప ఘట్టం. హాకీ తుదిపోటీలో మనలను ఓడించినవారే ఫుట్‌బాల్‌లో మనకు జయధ్వానాలు పలికారు. రాజకీయాలు గీచిన గీతలను ఆట ఒక్క సాయంకాలమైనా చెరిపివేయగలదని దీనివలన గ్రహింపవచ్చు.

తుదిపోటీకి ముందు రహీం సాహెబ్ తన శిష్యులను పిలిచి, స్వర్ణపతకాన్ని తనకు కానుకగా ఇమ్మని అడిగారని ఆటగాళ్లు ఆ తరువాత ఎన్నోసార్లు చెప్పుకొన్నారు. ఎన్నడూ ఏమీ కోరని ఉస్తాద్ కోరిన కోరిక అది. ఆట మొదలైన 20 నిమిషాలలోపే పి.కె. బెనర్జీ ఒక గోలు, కట్టుకట్టిన తలతో జర్నైల్ సింగ్ మరొక గోలు చేశారు. జ్వరం నుండి కోలుకొన్న తంగరాజ్ గోలువద్ద కొండవలె నిలిచాడు. చివరిలో కొరియా ఒక గోలు చేసినా, 2-1 తేడాతో స్వర్ణపతకం మనదే అయింది. శిష్యులు గురుదక్షిణ చెల్లించారు.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం సాహెబ్ పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలే. ఆ తరువాత భారత జట్టు 1964 ఆసియా కప్పులో ద్వితీయస్థానం, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం పొందింది. ఆ కాంస్యం గెలిచిన జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదువాడే. ఆపైన ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో పతకం లేదు. 1960 తరువాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు మన జట్టు అర్హత పొందనూ లేదు. ఒకనాడు దేశానికి ఆటగాళ్లను అందించిన మన నగరం నుండి జాతీయ జట్టుకు వెళ్లేవారి సంఖ్య క్రమంగా సన్నగిల్లిపోయింది. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో ఆరంభమైంది. అప్పటికి ఈ ద్రోణుడు పోయి 22 ఏళ్లు. 2024లో ఆయన జీవితకథ హిందీ చలనచిత్రంగా వచ్చినప్పుడు మాత్రం దేశంలోని యువతరం ఈయన ఎవరని ఆసక్తిగా అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత అందరికన్న ముందు మనది. ఆయన నడిచిన వీథులలో నడుస్తున్నది మనము.

మా మనవి ఒక్కటే. ఆయన శిష్యులు ఉర్దూ, తెలుగు, తమిళ, పంజాబీ, వంగ భాషలు మాట్లాడేవారు. మైదానంలో వారందరి భాష ఒక్కటే: బంతి నీవద్ద ఉంచుకోవద్దు, తోటివానికి అందించు. రెండు భాషలవారము ఒకే చూరుక్రింద చదువుకొంటున్న మనకు ఇంతకన్న దగ్గర పాఠం మరొకటి ఉండదు. తరగతిగదిలో ఎక్కువ తెలిసినవాడు తక్కువ తెలిసినవానికి చెప్పడమూ ఒక పాసే. బలహీనమైన కాలితో ఆడటం నేర్చుకొన్నట్లే, మనకు రాని విషయాన్ని పనిగట్టుకొని అభ్యసించడమూ రహీం సాహెబ్ చూపిన దారే.

కళాశాల కార్యవర్గంవారు ఏటేటా ఆయన పేరిట ఒక అంతర్‌తరగతి ఫుట్‌బాల్ పోటీ నడిపించితే బాగుండునని, అందులో ఒక్కరోజైనా డ్రిబ్లింగ్ నిషేధించిన ఆట ఉండవలెనని మా విన్నపం. బీదవాడైన విద్యార్థి ఎవడైనా దారిఖర్చు లేక ఆటకు రాలేకపోతే, ఆ సైకిలు అద్దె మనలో ఎవరో ఒకరు ఇవ్వగలిగిననాడు ఆ మహనీయునికి మనం నిజమైన నివాళి అర్పించినట్లు.