యల్లాప్రగడ సుబ్బారావుగారూ – గ్రహణి వ్యాధీ

ఆంధ్రదేశంలో పుట్టి, అమెరికాలో పరిశ్రమించి, లోకమంతటికీ ఉపకరించిన శాస్త్రజ్ఞులలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. వారి పేరు మన విద్యార్థులు ఎరిగినదే. కాని వారి జీవితాన్ని మొదటినుండి చివరవరకు నీడవలె వెన్నంటిన వ్యాధి ఒకటి ఉన్నదనీ, దానిని ఈనాటికీ వైద్యులు ఒక్కొక్కప్పుడు పోల్చుకొనలేకపోతారనీ ఎరిగినవారు తక్కువ. పాశ్చాత్యులు దానికి ట్రాపికల్ స్ప్రూ అని పేరు పెట్టారు. మన ఆయుర్వేదంలో గ్రహణి అని చెప్పబడిన రోగానికి అది చాలా దగ్గరి చుట్టం.

మనం తిన్న అన్నం సారమై రక్తంలో చేరేది చిన్న ప్రేగునుండి. ఆ ప్రేగు లోపలి గోడమీద మఖమలు నూగువంటి సన్నని మొలకలు అసంఖ్యాకంగా ఉంటాయి. ఆహారసారాన్ని పీల్చుకొనేవి అవే. ఈ వ్యాధిలో ఆ నూగు అణగారిపోతుంది. రోగి తింటూనే ఉంటాడు, శుష్కిస్తూనే ఉంటాడు. జిడ్డుతో కూడిన విరేచనాలు నెలల తరబడి మానవు, నాలుక పూసి మండుతుంది, శరీరం పాలిపోతుంది. చూచేవారు ఒకరు అజీర్ణమంటారు, ఒకరు రక్తహీనత అంటారు. ఒకే వ్యాధి పలు వ్యాధులుగా కనిపించడమే దీనిలోని ప్రమాదం.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యంలో వారి చదువు ఒడుదొడుకులతో సాగింది. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవసారిగాని నెగ్గలేదు. తరువాత మద్రాసు వైద్యకళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు నందుకొని, శస్త్రచికిత్స తరగతులకు ఖద్దరు అంగీతో వెళ్ళారు. అది ఆచార్యునికి కంటగింపైనది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. అనంతరం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు.

ఆ యౌవనకాలంలోనే స్ప్రూ వ్యాధి వారి ఇంటిలో ప్రవేశించింది. స్వల్ప వ్యవధిలో ఇరువురు సోదరులు ఆ జబ్బుతో మరణించారు. సుబ్బారావుగారు కూడ దానికి లోనై, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. తోబుట్టువులను కాపాడుకొనలేకపోయిన దుఃఖం ఎటువంటిదో ఊహించుకోవచ్చును. నాటి వైద్యగ్రంథాలలో ఆ వ్యాధికి నమ్మదగిన మందు లేదు.

1922 అక్టోబరులో వారు బోస్టన్ నగరం చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యం అభ్యసించారు. భార్య శేషగిరిగారిని మద్రాసులో వదలి వెళ్ళారు. తరువాత పుట్టిన కుమారుడు శైశవంలోనే గతించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనేలేదు. ఆ దంపతులు మళ్ళీ కలుసుకొనలేదు. పరదేశంలో పొట్టపోసుకొనడానికి ఆస్పత్రిలో రాత్రివేళ సేవకుని పని చేశారు. అంతటి ఇక్కట్లలోనే సైరస్ ఫిస్కేతో కలసి, రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని వెల్లడించారు. ఇంత చేసినా హార్వర్డులో వారికి స్థిరమైన పదవి లభించలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనాలయానికి వెళ్ళారు.

ఆ నాటికి కాలేయపు రసంతో కొన్నిరకాల రక్తహీనత నయమవుతుందని తెలుసును. ఆ రసంలోని గుణం ఏ పదార్థానిదో తేల్చాలని సుబ్బారావుగారు ఏళ్ళ తరబడి శ్రమించారు. వారి నాయకత్వంలోని రసాయనవేత్తల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. టామ్ స్పైస్ మొదలైన వైద్యులు దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూచారు. నాలుక మంట తగ్గింది, ఆకలి పుట్టింది, రక్తం వృద్ధి పొందింది. అది చికిత్సలో ఒక సగం. రెండవ సగం క్రిములను అణచే మందు. సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా ఉన్న ఆ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులకు అదే ఆద్యం. నేటికీ స్ప్రూ రోగికి వైద్యులు ఫోలిక్ ఆమ్లాన్నీ టెట్రాసైక్లిన్‌నూ కలిపి కొన్ని నెలలపాటు ఇస్తారు. సోదరుల కాలంలో లేని మందు రెండు భాగాలూ ఒకే ప్రాంగణంనుండి వచ్చాయి. రెండవది వెలువడిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, 53వ ఏట సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూశారు.

కథ అంతటితో ముగియలేదు. ఫోలిక్ ఆమ్లం వలెనే కనిపించి, దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడ వారి బృందం తయారుచేసింది. సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను రక్తకేన్సరుతో బాధపడే పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గడం చూచి 1948లో ప్రకటించారు. 1951లో అదే మందు రుమటాయిడ్ కీళ్ళవాతానికి కూడ ఉపశమనమిస్తుందని తెలిసింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేడు ఆ కీళ్ళవాతానికి ప్రధానౌషధం. దానిని వారానికి ఒక్కమారే పుచ్చుకోవాలి. పొరబాటున ప్రతిదినం మ్రింగితే ప్రాణాపాయం. మోతాదు మించినప్పుడు నోరు పూయడం, రక్తం క్షీణించడం వంటి చిహ్నాలు కలుగుతాయి. చిత్రమేమంటే, స్ప్రూ రోగిలో కనిపించేవీ ఇటువంటివే! వాటిని నివారించడానికి వైద్యులు ఫోలిక్ ఆమ్లాన్ని కూడ వ్రాసి ఇస్తారు. అడ్డగించే మందూ, ఆదుకొనే మందూ రెండూ సుబ్బారావుగారి చేతి చలవే.

1960 ప్రాంతంలో ఉత్తర ఆర్కాటు పల్లెలలో స్ప్రూ అంటువ్యాధివలె ప్రబలగా, వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు దానిని శ్రద్ధతో పరిశీలించారు. ఇప్పుడది అరుదైనది. అరుదైనది కాబట్టే మరపునకు వస్తున్నది. విరేచనాలు మానక చిక్కిపోతున్న మనిషిని చూచినప్పుడు ఆ పేరు తలపునకు రావడమే సగం వైద్యం.

తరగతిలో ఏటీపీ పాఠం వచ్చిననాడు ఉపాధ్యాయులు ఒక్క నిమిషం ఆగి, మందు లేక పోయిన ఆ ఇరువురు సోదరులను గురించి కూడ పిల్లలకు చెప్పుదురు గాక.