అరుగు చెంత నిలిచిన బాలుడు

మన గ్రామ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఒక మహనీయుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను గాని పండితుడను గాను. అయినను పెద్దల మాట త్రోసివేయజాలక, చిరకాలముగా నా మనస్సున మెదలుచున్న ఒక్క విషయమును ఆధారముగా గొని, శ్రీ త్యాగరాజస్వామివారి జీవితమును నాకు తెలిసినంతవరకు విన్నవించుచున్నాను. ఆ మహానుభావుని సంగీతవిద్యకు తొలి మెట్టు గురువుగారి సన్నిధి కాదు. పరుల యింటి వీథి అరుగు. నా మనస్సున మెదలు విషయమిదియే.

త్యాగరాజస్వామివారు 1767 మే 4వ తేదీన చోళదేశమున తిరువారూరు క్షేత్రమందు జన్మించిరి. వారి పూర్వులు మార్కాపురము ప్రాంతమందలి కాకర్ల గ్రామమునుండి దక్షిణమునకు వలసపోయిన తెలుగువారు. తండ్రి రామబ్రహ్మముగారు, తల్లి సీతమ్మగారు. పిమ్మట కుటుంబము కావేరీతీరమందలి తిరువైయారునకు వచ్చి స్థిరపడెను. దానినే పంచనదక్షేత్రమందురు. తండ్రిగారు తంజావూరు ప్రభువైన తుళజ మహారాజు కొలువున రామాయణ ప్రవచనము చేయుచుండెడివారు. తల్లిగారు పనిపాటులు చేసికొనుచు పురందరదాసువారి, రామదాసువారి కీర్తనలు పాడుచుండెడివారు. చుట్టును అరవభాష వినవచ్చు నాడునందు ఆ యింట తెలుగే పలుకు, రామనామమే సంపద.

బాలుడు సంస్కృతాంధ్రములు చదువుకొనుచుండెను. ప్రతిదినము ప్రాతఃకాలమున తండ్రిగారి పూజకు పూవులు కోసి తెచ్చుట అతని పని. ఆ దారిలోనే శొంఠి వెంకటరమణయ్యగారి యిల్లు. ఆయన తంజావూరు ఆస్థాన విద్వాంసుడు. ఉదయవేళ ఆయన శిష్యులను కూర్చుండబెట్టి పాఠము చెప్పుచుండగా, ఈ బాలుడు పూలసజ్జతో అరుగు చెంత నిలిచి వినుచుండెడివాడని పెద్దలు పరంపరగా చెప్పుకొందురు. పాఠము లోపలి వారిది. చెవి యొగ్గినవాడు వెలుపలివాడు. తన వంతు కాని పాఠము విన్నందున ఇతనికి తన పని మరపునకు వచ్చెడిది. పూవులు ఇల్లు చేరుటకు ఆలస్యమయ్యెడిది. కారణము తెలిసికొన్న రామబ్రహ్మముగారు కుమారుని దండింపలేదు. చేయిపట్టి తీసికొనిపోయి ఆ విద్వాంసునికే అప్పగించిరి.

చదువరులారా, ఇచ్చట ఒక్క క్షణము ఆగవలయును. మన భారతమున మరియొక బాలుడు ఇట్లే గురువు కంటబడకుండ విద్య నేర్చెను. ద్రోణుని మట్టిబొమ్మ నెదుట నిలుపుకొని విల్లు పట్టిన యేకలవ్యుడు తుదకు బొటనవ్రేలు కోసి యీయవలసివచ్చెను. ఆదరమున ఇద్దరును సమానులే. ఒకనికి తలుపు మూయబడెను, ఒకనికి తెరువబడెను. తలుపు తెరచిన తండ్రియు, చేరదీసిన గురువును లేకున్నచో త్యాగరాజు పూలసజ్జ మోసికొనుచునే పెద్దవాడై యుండెడివాడేమో!

ఈ మాట ఇంత గట్టిగా వ్రాయుటకు నా స్వానుభవము కారణము. నేను బడిచదువు నడుమనే చాలించి లెక్కల పనికి కుదిరితిని. ఆ దినములలో పొరుగూర ఒక పండితుడు తన శిష్యులకు రఘువంశము చెప్పుచుండగా, కిటికీ ప్రక్కన నిలిచి కొన్ని నెలలు వింటిని. ఒకనాడు నన్ను చూచి కిటికీ మూసిరి. దిలీపుడు నందినిని కాచుచు వనమునకు పోవు ఘట్టమున నా పాఠము నిలిచిపోయెను. తక్కిన కథను పదునైదేండ్ల తరువాత మన గ్రంథాలయమున, టీకాతాత్పర్యములతో గూడిన ప్రతిని చేతబట్టుకొని చదువుకొంటిని. ఆనాటి ఆనందమును లెక్కలలో చూపజాలను.

ఇక ప్రస్తుతమునకు వత్తము. శొంఠివారు శిష్యుని శక్తిని శీఘ్రముగనే గుర్తించిరి. కొంతకాలమునకు తంజావూరులోని తమ గృహమున విద్వాంసులను సమావేశపరచి అతనిచే పాడించిరి. త్యాగరాజు బిలహరి రాగమున ఒక కృతి నెత్తుకొని, విద్వాంసులు ప్రొద్దెరుగకుండ వినునట్లు గానము చేసెననియు, గురువుగారు పరమానందభరితులైరనియు ప్రతీతి. ఆ కీర్తి రాజసభకు ప్రాకెను. శరభోజి మహారాజు కానుకలతో ఆహ్వానము పంపగా స్వామివారు నిరాకరించిరి. అందుకు అన్నగారు ఆగ్రహించి, తమ్ముడు పూజించు విగ్రహములను కావేరిలో పడవేసెననియు, అవి మరల దొరకెననియు కథ కలదు.

రాజు పిలుపును కాదన్న స్వామివారు తంబుర చేతబట్టి వీథి వీథి తిరుగుచు ఉంఛవృత్తితో జీవించిరి. గృహిణులు పోసిన బియ్యమే వారి యింటికి ఆధారము. నా కన్నిటికంటె రుచించు ఘట్టమిది. బాల్యమున ఇతరుల వాకిట నిలిచి లోపలి గానము విన్న యాయన, పెద్దవాడై వెలుపల పాడుచుండగా లోపలివారు తమ అరుగులపైకి వచ్చి వినిరి. తాను దొంగచాటుగా విన్నదానిని వేయింతలు చేసి వీథిలోని వారందరికిని వెల లేక పంచిపెట్టెను.

స్వామివారి కృతులలో నేడు లభించునవి ఇంచుమించు 700. ఘనరాగ పంచరత్నములు, ప్రహ్లాదభక్తివిజయము, నౌకాచరిత్రము అను గేయనాటకములు అందు చేరియున్నవి. పాడినదాని నెల్ల తాటాకులపై నెక్కించి నిలిపిన పుణ్యము శిష్యులది. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులు వ్రాసి భద్రపరచిన ప్రతులు మధురలోని సౌరాష్ట్రసభకు చేరినవి. తిల్లస్థానము, ఉమయాళ్పురము, వాలాజాపేట శిష్యపరంపరలు మూడును ఆ గానమును మనవరకు తెచ్చినవి. గ్రంథరక్షణ యెంతటి గొప్పపనియో గ్రంథాలయ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు.

అంత్యకాలమున సన్న్యాసము స్వీకరించి, 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు స్వామివారు సిద్ధిపొందిరి. కావేరి యొడ్డునగల సమాధి కాలక్రమమున శిథిలము కాగా, బెంగుళూరు నాగరత్నమ్మగారు తమ సొమ్ము వెచ్చించి గుడి కట్టించి ప్రతిష్ఠ చేయించిరి. అయినను ఆరాధనలో స్త్రీలు పాడరాదని నాటి నిర్వాహకులు అడ్డుపెట్టిరి. అరుగు చెంత నిలిచి విద్య నేర్చినవాని సన్నిధిలోనే కొందరిని వెలుపల నిలుపుట ఎంత వింత! ఆమె వెనుదీయక స్త్రీలచే వేరుగ ఆరాధన జరిపించెను. 1940 ప్రాంతమున వర్గములన్నియు ఏకమై, స్త్రీపురుషులందరును పాడు ఆరాధన ఏర్పడెను.

మన గ్రంథాలయమున సాయంకాలము భారతము చదువునప్పుడు లోనికి వచ్చుటకు సంకోచించి గోడ ప్రక్క నిలుచువారు కొందరు గలరు: కూలిపని ముగించుకొని వచ్చువారు, బిడ్డ నెత్తుకొన్న తల్లులు, బడి మానిన పిల్లలు. వారిలో ఎవని చెవిలో ఏ విత్తనము పడుచున్నదో మన మెరుగము. కాబట్టి పఠనవేళ తలుపులు, కిటికీలు బార్లా తెరచియుంచవలయుననియు, వెలుపల రెండు బల్లలు వేయించవలయుననియు పాలకవర్గమువారికి నా వినయపూర్వకమైన మనవి. బల్లల ఖర్చు నా లెక్కన వ్రాసికొనవచ్చును.

స్వస్తి.