కులపతి జేమ్స్ కజిన్స్ : మదనపల్లె కళాశాలలో ఐర్లండు ఆచార్యుడు

దత్తమండలములందు ఉన్నతవిద్య ఆలస్యముగా కాలుమోపెను. బెళుగుప్ప, ఉరవకొండ, కల్యాణదుర్గము మొదలగు అనంతపురపు మెట్టసీమలలో గృహస్థునకు వాన కొఱకు ఎదురుచూచుటయే పెద్ద చింత. కఱవు తప్పిన యేట కుమారుని పట్టపరీక్షకు చదివింపదలచినను మద్రాసు దిక్కు చూడవలసి యుండెడిది. ఇట్టి స్థితిలో 1915లో అనీబిసెంటు మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పెను. మఱుసటి యేడు అనంతపురమున దత్తమండల కళాశాల వెలసెను. అనంతపురమున సర్వేపల్లి రాధాకృష్ణన్ కొలదికాలము బోధించిన సంగతి మనవారు తఱచుగా స్మరింతురు. మదనపల్లెలో బోధించిన జేమ్స్ హెన్రీ కజిన్స్ పేరు మాత్రము జాతీయగీత ప్రసంగమున ఒక వాక్యముగా వచ్చి వెడలిపోవుచున్నది. ఆయన ఉపాధ్యాయత్వము విచారింపదగిన విషయము.

కజిన్స్ 1873 జూలై 22న ఉత్తర ఐర్లండునందలి బెల్ఫాస్టు నగరమున సామాన్య ప్రొటెస్టెంటు కుటుంబమున జన్మించెను. చిన్ననాడే గుమాస్తా కొలువున చేరి, స్వయంకృషిచే విద్య గడించి, నగరాధ్యక్షునకు కార్యదర్శిగా కొంతకాలము పనిచేసెను. ఆ వర్గమువారికి ఇంగ్లండు ప్రభుత్వమనిన సహజాభిమానము. కజిన్స్ ఆ అభిమానమును విడిచి ఐర్లండు ప్రాచీనగాథల వైపు మఱలెను. 1897లో డబ్లిను చేరి, యేట్స్, జార్జి రసెల్ మొదలగు కవుల సహవాసమున నాటకములు వ్రాసెను. ఒక ఉన్నతపాఠశాలలో ఆంగ్లము బోధించెను. 1903లో సంగీతవిద్యలో పట్టభద్రురాలైన మార్గరెట్ గిలెస్పీని వివాహమాడెను. దంపతులిరువురును శాకాహారులు, స్త్రీలకు ఓటుహక్కు కొఱకు పాటుపడినవారు. 1904లో యువకుడైన జేమ్స్ జాయిస్ కొలదిదినములు వారి యింట బస చేసి, తరువాత తన వ్యంగ్యకవితలో కజిన్స్‌ను ఎగతాళి చేసెను. కజిన్స్ కవిత్వము ప్రథమశ్రేణికి చెందినది కాదను మాట ఒప్పుకొనవలసినదే. అయినను ఆయన మహత్త్వము కవిత్వమున లేదు. పరభాషాప్రాబల్యము క్రింద స్వదేశవాఙ్మయము మఱుగుపడుటయు, దానిని వెలికి తీయుట ఎంత కష్టమో అదియు, ఆయన పుస్తకములలో చదివి తెలిసికొనలేదు; స్వదేశమున కన్నులార చూచెను. మదనపల్లె విద్యార్థులకు దక్కినది ఈ అనుభవమే.

అనీబిసెంటు ఆహ్వానముపై కజిన్స్ దంపతులు 1915లో భారతదేశమునకు వచ్చిరి. కజిన్స్ మద్రాసులో ఆమె నడపుచుండిన న్యూ ఇండియా పత్రికలో సహాయసంపాదకుడయ్యెను. 1916లో ఈస్టరు పండుగనాళ్లలో డబ్లినునందు ఆంగ్లప్రభుత్వముపై తిరుగుబాటు చెలరేగగా, దానిని ప్రశంసించుచు ఆయన ఒక వ్యాసము వ్రాసెను. ప్రభుత్వము ఆ పత్రికపై కన్ను వేసియున్న దినములవి. బిసెంటు ఆయనను పత్రికనుండి తొలగింపవలసి వచ్చెను. స్వయముగా ఐర్లండు రక్తసంబంధము కలిగి, భారతదేశమునకు స్వపరిపాలన కోరుచుండిన ఆమెకే ఈ పని తప్పలేదు! అయితే ఆమె ఆయనను విడిచిపెట్టక మదనపల్లె కళాశాలకు వైస్ ప్రిన్సిపాలుగా పంపెను. పత్రికకు నష్టమైనది కళాశాలకు లాభమయ్యెను.

1911 వఱకు కడప మండలమున నుండి, ఆ యేట నూతనముగా ఏర్పడిన చిత్తూరు మండలమున చేరిన చిన్న పట్టణము మదనపల్లె. అచట కజిన్స్ ఆంగ్లసాహిత్యము బోధించెను. ఆ కాలమున ఆంగ్లబోధన యనిన మిల్టను, షేక్స్పియరులను కంఠస్థము చేయించుటయే. కజిన్స్ దృష్టి వేఱు. ఆంగ్లకవిత్వము ప్రపంచకవిత్వములో ఒక శాఖ మాత్రమే యనియు, భారతీయ విద్యార్థి తన కళాసాహిత్యములను మూలముగా చేసికొని దానిని సమీపింపవలెననియు ఆయన సిద్ధాంతము. ఈ దినములలోనే 1917లో ఆంగ్లసాహిత్యమున నవీనమార్గములను గూర్చియు, 1918లో భారతదేశ పునరుజ్జీవనమును గూర్చియు రెండు గ్రంథములు వెలువరించెను. మొదటి గ్రంథమును సమీక్షింప బూనిన శ్రీ అరవిందులు ఆ సమీక్షనే పెంచి, ఆర్య పత్రికలో 1917 డిసెంబరు మొదలు 1920 వఱకు భావికవిత్వమును గూర్చిన వ్యాసపరంపరను వ్రాసిరి. వేదమంత్ర తత్త్వమును కావ్యపరమావధిగా అందు ప్రతిపాదించిరి. రెండవ గ్రంథము కూడ అరవిందుల వ్యాసములకు ప్రేరకమయ్యెను. మన అలంకారశాస్త్ర పరిశోధకులు భావికవిత్వ వ్యాసములను ఉదాహరించునప్పుడు, వానికి నిమిత్తమైన పుస్తకము మదనపల్లె కళాశాలలోని ఆంగ్లోపాధ్యాయునిదని గుర్తించుట అరుదు.

కళాశాల స్థితి సుఖమైనది కాదు. స్వపరిపాలనోద్యమముతోడి సంబంధము కారణముగా మద్రాసు విశ్వవిద్యాలయముతోడి అనుబంధము తెగిపోయెను. సర్కారు గుర్తింపులేని కళాశాలలో చదివిన పిల్లవానికి ఉద్యోగమేది? తల్లిదండ్రుల యెదుట నిలిచిన ఈ ప్రశ్నకు ఉపాధ్యాయులయొద్ద తేలిక సమాధానము లేదు. అడయారులో స్థాపింపబడిన జాతీయ విశ్వవిద్యాలయమునకు కళాశాల అనుబంధమయ్యెను. దానికి రవీంద్రనాథ ఠాకూరు ఛాన్సలరు.

1919లో దక్షిణదేశ పర్యటనమున అలసిన రవీంద్రుడు విశ్రాంతి కొఱకు ఫిబ్రవరి 25న మదనపల్లె చేరి, మార్చి 2 వఱకు ఉండెను. ఫిబ్రవరి 28 సాయంకాలమున విద్యార్థులు, ఉపాధ్యాయులు కూడిన వినోదగోష్ఠిలో ఆయన జనగణమన గీతమును వంగభాషలో పాడెను. మొదటి చరణము దేశముల, పర్వతముల, నదుల పట్టికవలె వినిపించెననియు, పల్లవి చెవిని పడగానే శ్రోతలు మేల్కొనిరనియు, రెండవ చరణమునకు గొంతులు సవరించుకొనిరనియు కజిన్స్ తరువాత తన స్మృతులలో వర్ణించెను. మఱల మఱల పాడుమని కోరి, చివరకు సభయంతయు జయధ్వానమున గొంతు కలిపినదట. అనంతరము రవీంద్రుడు ఆ గీతమును అచటనే స్వహస్తముతో ఆంగ్లీకరించి, భారతదేశపు ప్రభాతగీతమని పేరిడెను. మార్గరెట్ రవీంద్రుని గానమును అనుసరించి స్వరలిపిని సిద్ధము చేసెను. కజిన్స్ దానిని కళాశాల ప్రార్థనాగీతముగా ఏర్పఱచెను.

ఇచట ఒక సవరణ అవసరము. జనగణమనకు మదనపల్లెలో బాణీ కట్టబడినదను మాట మన ప్రాంతమున అభిమానముతో ప్రచారమైనది. గీతము 1911 డిసెంబరు 27ననే కలకత్తా కాంగ్రెసు సభలో పాడబడినది, బాణీ రవీంద్రునిదే. మదనపల్లెలో జరిగినవి ఆంగ్లానువాదము, స్వరలేఖనము. ఇవి తక్కువవి కావు. వంగభాష ఎఱుగని రాయలసీమ బాలురు అర్థము తెలిసి, స్వరము తప్పక ప్రతిదినము పాడుటకు వీలు కలిగినది ఈ రెండింటివలననే. సర్కారు పట్టము చేతికిరాని విద్యార్థులకు కజిన్స్ దంపతులు అందింపగలిగిన సంపద అట్టిది.

మార్గరెట్‌ను భర్తకు సహాయురాలిగా మాత్రమే చెప్పుట అన్యాయము. 1917లో అడయారున భారత మహిళా సంఘస్థాపనమున ఆమె ప్రధానపాత్ర వహించెను. ఆ యేట డిసెంబరులోనే స్త్రీలకు ఓటుహక్కు కోరుచు మాంటేగు దొరను కలిసిన ప్రతినిధివర్గము వెనుక ఆమె కృషి కలదు. 1922లో గౌరవ మేజిస్ట్రేటుగా నియుక్తయై, ఆ పదవిని భారతదేశమున నిర్వహించిన మొదటి స్త్రీ అయ్యెను. 1932లో ప్రభుత్వమును ధిక్కరించి ప్రసంగించినందుకు వేలూరు చెఱసాలకు పోయెను.

రవీంద్రుడు వచ్చిన యేటనే కజిన్స్ జపానునందలి కెయో విశ్వవిద్యాలయమునకు ఆంగ్లకవిత్వాచార్యుడుగా వెళ్లెను. ఆ విశ్వవిద్యాలయమే పిమ్మట ఆయనకు డాక్టరు పట్టమొసగెను. అటుపిమ్మట అడయారు బ్రహ్మవిద్యాశ్రమమున బోధన, మైసూరు జగన్మోహన ప్రాసాదమున చిత్రశాలకు తోడ్పాటు, తిరువాన్కూరు సంస్థానమునకు కళావిషయక సలహాదారు పదవి, 1935లో తిరువనంతపురమున శ్రీచిత్రాలయము. ఈ కళాసేవ వేఱొక వ్యాసమునకు తగినంత విస్తృతము. తరువాతి కాలమున హిందూధర్మమును స్వీకరించి జయరామ నామమును ధరించెను. కులపతి యని ఆయనను వ్యవహరించిరి. పదివేలమంది శిష్యులకు అన్నమిడి విద్య చెప్పువాడు కులపతి యని మన సంప్రదాయము. మదనపల్లెలో ఆ సంఖ్య ఎక్కడిది? అయినను బిరుదు పూర్తిగా అస్థానపతితము కాదు. శిష్యపోషణము అన్నముతోనే ముగియదు గదా!

లోపమును కూడ చెప్పవలయును. 1820లో కడప చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు నేర్చి, తాళపత్రములు సేకరించి, పండితులచేత శుద్ధప్రతులు వ్రాయించి, నిఘంటువు కూర్చెను. కజిన్స్ రచనలన్నియు ఆంగ్లమునందే. సంస్కృతగ్రంథ పరిష్కారము గాని, తెలుగు కావ్యవ్యాఖ్య గాని ఆయన చేయలేదు. భారతీయకళను గూర్చిన ఆయన తీర్పులలో ఉత్సాహము శాస్త్రమును మించినచోట్లు కలవు. బ్రౌను మన గ్రంథములను నిలిపెను. కజిన్స్ చదువుకొను కుఱ్ఱవాండ్రకు తమ గ్రంథములు చదువదగినవను ధైర్యము నిచ్చెను. రెండును ఒక తులలో తూచరాని పనులు. అయితే దేశభాషాజ్ఞానము లేని లోటును ధైర్యము పూర్తిగా తీర్పజాలదు.

1933లో ఆయన ప్రిన్సిపాలుగా మదనపల్లెకు తిరిగివచ్చి కొన్ని సంవత్సరములు కళాశాలను నడపెను. 1937లో జాతీయగీతమును గూర్చి దేశమున వివాదము చెలరేగినప్పుడు, రవీంద్రుని ప్రభాతగీతమునే అధికారికముగా స్వీకరింపవలెనని మద్రాసు పత్రికకు వ్రాసెను. 1950 జనవరి 24న రాజ్యాంగసభ ఆ గీతపు మొదటి చరణమును జాతీయగీతముగా ప్రకటించెను. ఆ యేటనే దంపతులు కలిసి వ్రాసిన ఆత్మచరిత్ర వెలువడెను. అప్పటికి మార్గరెట్ పక్షవాతముచే పీడితురాలు. 1954 మార్చి 11న అడయారున మరణించెను.  కజిన్స్ 1956 ఫిబ్రవరి 20న మదనపల్లెలోనే దేహము చాలించెను.