సభాద్వారములు తెరచిన సభ్యుడు: ఫిరోజ్ గాంధీ

శాసనసభ్యుని యోగ్యతను కొలుచుటకు లోకమున పెక్కు కొలతలు కలవు. ఎన్ని ప్రసంగములు చేసెను, ఎన్ని ప్రశ్నలు వేసెను, ఎన్ని బిల్లులు తెచ్చెను అని లెక్క చూచువారు కొందరు. ఏ పదవినందెను అని మాత్రమే చూచువారు మరికొందరు. ఈ కొలతలకు లొంగని సభ్యుడొకడు స్వతంత్ర భారతదేశపు తొలి లోకసభలో కూర్చుండెను. మంత్రిపదవి ఆయనకు లభింపలేదు. ఆయన తెచ్చి చట్టము చేయించిన బిల్లు ఒక్కటే. ఆయన ప్రసిద్ధ ప్రసంగములును వ్రేళ్లపై లెక్కింపదగినవే. ఐనను ఆ కొలది మాటల ఫలితముగా ఒక కోటీశ్వరుని లెక్కలు బయటపడెను. ఒక ఆర్థికమంత్రి గద్దె దిగెను. పార్లమెంటులో జరిగిన ముచ్చటను భయము లేక ప్రకటించుకొను హక్కు పత్రికలకు సంక్రమించెను. ఆయన ఫిరోజ్ గాంధీ. ఒక ప్రధానమంత్రికి అల్లుడుగా, మరియొక ప్రధానమంత్రికి భర్తగా, ఇంకొక ప్రధానమంత్రికి తండ్రిగా లోకము ఆయనను ఎరుగును. సభ్యుడుగా ఎరిగినవారు తక్కువ.

ఫిరోజ్ 1912 సెప్టెంబరు 12వ తేదీన బొంబాయిలో ఒక పారశీక కుటుంబమున జన్మించెను. తండ్రి జెహంగీర్ నౌకలలో ఇంజనీరు. బాల్యమునందే ఆయన అలహాబాదు చేరి, అచట వైద్యురాలుగా పేరొందిన తన బంధువు శిరీన్ కమిసారియట్ పెంపకమున పెరిగెను. 1930లో ఆయన ఈవింగ్ క్రైస్తవ కళాశాల విద్యార్థి. ఒకనాడు ఆ కళాశాల ముంగిట కాంగ్రెసు మహిళలు పికెటింగు జరుపుచుండగా, వారికి నాయకురాలైన కమలా నెహ్రూ ఎండవేడిమికి సొమ్మసిల్లి పడిపోయెను. గోడపై కూర్చుండి వేడుక చూచుచున్న విద్యార్థులలో నుండి ఫిరోజ్ దిగివచ్చి ఆమెకు ఉపచారము చేసెను. మరునాటినుండి ఆయనకు కళాశాలతో పని లేకపోయెను. ఆ ఏటనే చెరసాల చవిచూచెను. ఆ పిదపను పలుమార్లు చూచెను. ఫైజాబాదు జైలులో లాల్ బహదూర్ శాస్త్రి ఆయనకు సహచరుడు.

తరువాత కొంతకాలము లండనులో చదివెను. స్వదేశమునకు మరలివచ్చి, 1942 మార్చిలో జవహర్‌లాల్ కుమార్తె ఇందిరను వివాహమాడెను. పారశీకునకును కాశ్మీర బ్రాహ్మణ కన్యకును పెండ్లి యేమని దేశమున పెద్ద కలకలము చెలరేగెను; గాంధీమహాత్ముడు ఆ వివాహమును సమర్థింపవలసి వచ్చెను. క్విట్ ఇండియా ఉద్యమము ఆరంభమైన కొలది దినములకే నవదంపతులిద్దరును నైనీ జైలు చేరిరి. 1946లో ఫిరోజ్ లక్నోలో నేషనల్ హెరాల్డు పత్రికకు మేనేజింగు డైరెక్టరయ్యెను. పత్రిక నడచుటకు ఎంత ధనము కావలెనో, ధనవంతుడు తలచుకొన్నచో పత్రికను ఎట్లు లొంగదీయగలడో, కోర్టు నోటీసు వచ్చిననాడు సంపాదకుని గుండె ఎట్లు కొట్టుకొనునో ఆయన అచట కన్నులార చూచెను. ఆ అనుభవమే పిదప ఆయన తెచ్చిన బిల్లునకు బీజము కావచ్చును.

1950లో తాత్కాలిక పార్లమెంటున ప్రవేశించి, 1952లో ఉత్తరప్రదేశములోని రాయబరేలీ నుండి లోకసభకు ఎన్నికయ్యెను. మామగారు ప్రధానమంత్రి. తీన్‌మూర్తి భవనమున తనకును చోటు కలదు. ఐనను పార్లమెంటు సభ్యునికి ఇచ్చు సామాన్యమైన ఇంటినే ఆయన తన పనికి తావుగా చేసికొనెను. సభలో మూడేండ్లకు పైగా నోరు విప్పుట అరుదు. అల్లునకు మాట్లాడవలసిన అవసరమేమి యని పలువురు అనుకొని యుందురు. ఆ మౌనము వట్టిది కాదని 1955 డిసెంబరులో తెలియవచ్చెను.

ఆనాడు సభ యెదుట నున్నది ఇన్సూరెన్సు చట్టమునకు ఒక సవరణ. ఫిరోజ్ లేచి, రామకృష్ణ డాల్మియా అను గొప్ప వ్యాపారి తన ఏలుబడిలోనున్న భారత్ ఇన్సూరెన్సు కంపెనీ ధనమును తన ఇతర వ్యాపారములకు ఎట్లు మరలించెనో విప్పిచెప్పెను. ఆవేశము తక్కువ, అంకెలు ఎక్కువ. ఏ కంపెనీ నుండి ఏ కంపెనీకి, ఏ నాడు, ఎంత ధనము పోయెనో వరుసగా చదివెను. ఇన్సూరెన్సు ధనమనగా ఎవరిది? నెలనెల జీతములో కొంత మిగిల్చి, తాను పోయిన పిదప భార్యాబిడ్డలు వీథిపాలు కాకూడదని కట్టిన గుమాస్తాది, బడిపంతులుది. ఆ సొమ్ము ఒక వ్యక్తి జేబులో ఆడుచుండుటను సభ నిశ్శబ్దముగా వినెను. డాల్మియా తరువాత విచారణ నెదుర్కొని కారాగారవాసము ననుభవించెను. 1956 జనవరిలో ప్రభుత్వము జీవిత బీమా వ్యాపారమును ఆర్డినెన్సు ద్వారా తన అదుపులోనికి తీసికొనెను. ఆ సెప్టెంబరు 1వ తేదీన 245 సంస్థలు కలిసి 5 కోట్ల రూపాయల మూలధనముతో జీవిత బీమా కార్పొరేషన్‌గా రూపొందెను.

ఈ ప్రసంగముతోడనే మరియొక చిక్కు బయటపడెను. సభలో సభ్యుడు ఏమి పలికినను ఆయనపై దావా లేదు. రాజ్యాంగములోని 105వ అధికరణము ఆయనకు ఆ రక్షణ నిచ్చినది. సభ తన అధికారమున ముద్రింపించు నివేదికలకును ఆ రక్షణ కలదు. కాని ఆ మాటలనే మరునాడు పత్రిక అచ్చొత్తినచో? పత్రికకు అట్టి రక్షణ చట్టరూపమున లేదు. పరువునష్టపు దావా వేయదలచిన ధనికుడు సభ్యుని వదలి సంపాదకుని పట్టుకొనగలడు. అనగా సత్యము సభాభవనపు నాలుగు గోడల నడుమ స్వేచ్ఛగా తిరుగవచ్చును గాని, గుమ్మము దాటి వీథిలోనికి వచ్చుటకు భయపడవలెను. రాయబరేలీ రైతు తన ప్రతినిధి ఢిల్లీలో ఎవరి పక్షమున నిలిచెనో తెలిసికొనుటకు పత్రిక తప్ప వేరు మార్గమేది? పత్రిక నోరు మూసినచో ప్రతినిధికి జవాబుదారీ యుండదు. ప్రతినిధి మౌనముగా నున్నాడో, మాట్లాడి మాట మార్చెనో అడుగువాడుండడు.

అందుచేత ఫిరోజ్ గాంధీ స్వయముగా ఒక బిల్లును సభ యెదుట నుంచెను. మంత్రి కాని సభ్యుని బిల్లు చట్టమగుట ఎంత కష్టమో పార్లమెంటు పద్ధతులెరిగినవారికి తెలియును. ప్రభుత్వ కార్యక్రమములు పోగా మిగిలిన శుక్రవారపు అపరాహ్ణమున అట్టివి చర్చకు వచ్చును. పెక్కు బిల్లులు ఆ చర్చతోడనే అంతరించును. 1952 నుండి నేటివరకు చట్టములైన అట్టి బిల్లులు 14 మాత్రమే; 1970 తరువాత ఒక్కటియును లేదు. ఆ పదునాల్గింటిలో ఫిరోజ్ బిల్లు ఒకటి. 1956 మే నెలలో అది పార్లమెంటు వ్యవహారముల ప్రకటనా రక్షణ చట్టమై వెలువడెను.

ఆ చట్టము ఒక పుటలో ఇమిడిపోవునంతటిది. పార్లమెంటు ఉభయసభలలో జరిగిన వ్యవహారమును గూర్చి సారాంశమున సత్యమైన నివేదికను పత్రికలో ప్రకటించినవానిపై సివిలు దావా గాని క్రిమినలు కేసు గాని చెల్లదు. ద్వేషబుద్ధితో ప్రకటించినట్లు రుజువైన యెడల మాత్రము రక్షణ లేదు. ప్రజల మేలునకు కాని విషయమునకును రక్షణ లేదు. రేడియో ప్రసారమునకును ఇదియే న్యాయము. పత్రికకు విచ్చలవిడితనమును ఇచ్చినది కాదు. ఉన్నదున్నట్లు చెప్పువానికి అభయము నిచ్చినది. రాష్ట్ర శాసనసభలకు మాత్రము ఈ చట్టము వర్తింపలేదు. ఆ లోటు ఇరువది ఏండ్లకు పైగా నిలిచియుండెను.

తాను నాటిన చెట్టునకు చీడ పట్టినప్పుడు తోటమాలి ఏమి చేయునో, అదియే ఆయన నిజమైన పరీక్ష. బీమాను జాతీయము చేయవలెనని కోరినవారిలో ఫిరోజ్ ముఖ్యుడు. ఆ కార్పొరేషన్ పుట్టి ఏడాది యైనను నిండకమునుపే, 1957 జూన్‌లో, హరిదాస్ ముంద్రా అను కలకత్తా వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల షేర్లను కోటీ 20 లక్షల రూపాయలకు పైగా వెచ్చించి కొనెను. ఆ కంపెనీలలో పెక్కింటి స్థితి బాగుగా లేదు. పెట్టుబడులను పరిశీలింపవలసిన సంఘము సలహా ముందుగా తీసికొనలేదు. ధనికుని చేతినుండి తప్పించి ప్రభుత్వము చేతికిచ్చిన సొమ్ము మరల ధనికుని ఆదుకొనుటకే పోయినదన్నమాట. ఇతరుడైనచో తన వాదమునకు భంగము కలుగునని, తన పక్షమునకు అపకీర్తి యని ఊరకుండును. ఫిరోజ్ ఊరకుండలేదు.

1957 డిసెంబరు 16వ తేదీన ఆ వ్యవహారమును ఆయన లోకసభలో చర్చకు పెట్టెను. అధ్యక్షపీఠమున ఆ కాలమున చిత్తూరు జిల్లా తిరుచానూరువాడైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు ఉండెను. ప్రశ్నించువాడు కాంగ్రెసు సభ్యుడు. సమాధానము చెప్పవలసినవాడు కాంగ్రెసు ఆర్థికమంత్రి, టి.టి. కృష్ణమాచారి, ఆ మంత్రిని ఆదరించు ప్రధానమంత్రి ప్రశ్నించువానికి మామ. ఇంటిలోని బాంధవ్యమును ఇంటిలో విడిచి, సభలోని ధర్మమును సభలో నెరవేర్చుట మాటలలో సులభము. చేతలలో దానికి ఎంత మూల్యము చెల్లింపవలెనో ఆ సాయంకాలము ఫిరోజ్‌కు తెలిసియే యుండును. షేర్లు ఏ ధరకు కొన్నదియు, అంగడిలో ఏ ధర యున్నదియు, కొనుటకు ఆజ్ఞ ఎవరిదో తేలవలసిన అగత్యమును ఆయన ఒక్కొక్కటిగా నిలిపిచూపెను.

ప్రభుత్వము విచారణకు అంగీకరింపక తప్పలేదు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా ఏకసభ్య కమిషన్‌గా బహిరంగ విచారణ జరిపెను. జనము క్రిక్కిరిసినందున వెలుపలివారు వినుటకు ధ్వనివర్ధకములు అమర్పవలసి వచ్చెను. పార్లమెంటు నివేదికలు చదివిన ప్రజలే తరువాతి కథ వినుటకు వచ్చిరనుట గమనింపదగినది. నెల రోజుల కాస్త అటునిటుగా నివేదిక సిద్ధమయ్యెను. కొనుగోలు వ్యాపారనీతికి అనుగుణముగా జరుగలేదనియు, కార్యదర్శి చేసినపనికి మంత్రియే రాజ్యాంగరీత్యా బాధ్యుడనియు న్యాయమూర్తి నిర్ణయించెను. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా నిచ్చెను. ప్రధానమంత్రి దానిని మిక్కిలి విచారముతో అంగీకరించెను.

ఈ విజయము ఫిరోజ్‌కు ఏమి తెచ్చెను? పదవి తేలేదు, గృహసౌఖ్యమును తేలేదు. పార్లమెంటు సెంట్రల్ హాలులో ఆయన కూర్చుండు మూలకు సభ్యులును పత్రికావిలేఖరులును చేరి ముచ్చటించుట అలవాటైనది. అదియే ఆయన దర్బారు. తరువాత టాటావారి టెల్కో సంస్థ రైలు ఇంజనులకు అధికధర తీసికొనుచున్నదని ఆక్షేపించి, దానిని జాతీయము చేయవలెననెను. స్వజాతీయులైన పారశీకులు నొచ్చుకొన్నను వెనుదీయలేదు. 1959లో కేరళలోని కమ్యూనిస్టు ప్రభుత్వమును కేంద్రము తొలగించునప్పుడు, కాంగ్రెసు అధ్యక్షపీఠమున తన భార్యయే ఉండగా, అది తగదని వాదించెను. మామ, జాతి, భార్య: ఈ మూడు బంధములలో ఏదియు ఆయన నోటికి తాళము వేయలేకపోయెను. ఆ నోటి పదును సన్నిహితులను గాయపరచినదనుటయు సత్యమే.

1958లోనే ఆయనకు గుండెపోటు వచ్చెను. 1960 సెప్టెంబరు 8వ తేదీన ఢిల్లీలోని విల్లింగ్డన్ ఆసుపత్రిలో, 48 ఏండ్లు నిండుటకు నాలుగు దినములుండగా, ఫిరోజ్ గాంధీ కన్నుమూసెను. చితాభస్మములో కొంత అలహాబాదులోని పారశీక శ్మశానవాటికలో నిక్షిప్తమైనది.

మనిషి పోయినను ఆయన చట్టము పదునైదేండ్లు నిలిచెను. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. ప్రతిపక్ష నాయకులు జైళ్లలో నుండిరి. పత్రికలపై సెన్సారు నిలిచెను. ఐనను సభలో మిగిలిన సభ్యులు పలికిన మాటకు ఫిరోజ్ చట్టము ఒక కిటికీగా మిగిలియుండెను. ఆ ఏటి డిసెంబరులో ఆర్డినెన్సు ద్వారాను, 1976లో చట్టము ద్వారాను ఆ కిటికీ మూయబడెను. మూయించిన ప్రభుత్వమునకు ప్రధానమంత్రి ఇందిరాగాంధీ. ఒక చట్టము విలువ దానిని ప్రశంసించువారికంటె దానికి భయపడువారికే చక్కగా తెలియునని దీనివలన గ్రహింపవచ్చును.

1977 మార్చి ఎన్నికలలో, ఒకప్పుడు ఫిరోజ్‌ను రెండుమార్లు గెలిపించిన రాయబరేలీ, ఇందిరాగాంధీని ఓడించెను. ఆ ఏటనే క్రొత్త ప్రభుత్వము ఫిరోజ్ చట్టమును దాదాపు అదే రూపమున పునరుద్ధరించెను. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ 361-ఎ అధికరణమును చేర్చి, అదే రక్షణను రాష్ట్ర శాసనసభల వార్తలకును కల్పించెను. పూర్వపు లోటు అట్లు తీరెను. సాధారణ చట్టముగా పుట్టినది రాజ్యాంగములో చోటు సంపాదించుకొనెను.

బిల్లుల సంఖ్యచేత సభ్యుని కొలుచువారికి ఫిరోజ్ గాంధీ పద్దులో ఒక్కటే కనబడును. కాని ఇతర సభ్యుల పద్దులను ప్రజలు చదువుకొనుటకు వీలు కల్పించినది ఆ ఒక్కటియే. నేడు ఉదయమున పత్రిక విప్పి, తమ ప్రతినిధి నిన్న సభలో ఏమడిగెను, ఏమి చెప్పెను, ఎప్పుడు మౌనము వహించెను అని చూచు ఓటరు, పేరు తెలియకయే ఆయనకు ఋణపడియున్నాడు.