జిమ్ కార్బెట్

హిమాలయముల దిగువ వరుసలలో కుమావూన్ అను కొండసీమ కలదు. అందలి నైనీతాల్ పట్టణమున 1875 జూలై 25వ తేదీన జిమ్ కార్బెట్ జన్మించెను. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. జిమ్‌కు ఆరేండ్లు నిండకముందే ఆయన మరణించెను. చలికాలమున ఆ కుటుంబము కొండ దిగి కాలాఢుంగి గ్రామమునకు వచ్చెడిది. ఇంటి పెరడు దాటగానే అడవి.

బాల్యముననే ఒక బంధువు జిమ్‌కు పాత జోడుగొట్టపు తుపాకి నిచ్చెను. అందొక గొట్టము చీలియుండెను. కొయ్యపిడి ఊడిపోకుండ ఇత్తడి తీగతో బిగించియుంచిరి. అది మూతినుండి మందు పోసి దట్టించెడి తుపాకి. మందు కొలత ఏమాత్రము హెచ్చినను గొట్టము ప్రేలి కాల్చినవాని కన్నో చేయో పోవచ్చును. ఒకసారి కాల్చిన పిమ్మట మరల నింపుటకు చాల సేపు పట్టును. అట్టి తుపాకి చేతనున్న బాలునకు తొందరపాటు తగదు. మందుగుండ్లకు డబ్బు చాలకుండుటచే ఒక్క గుండైనను వృథా చేయరాదని అతడు నేర్చుకొనెను. పదియేండ్ల వయసున పాఠశాల సైనికదళమున చేరగా, అతనికి దళమువారి మార్టినీ రైఫిలు ఎరువుగా లభించెను. తుపాకిని శుభ్రముగా ఉంచవలెను, కాల్చిన తూటాల గుల్లలను తిరిగి అప్పగింపవలెను, ఇవియే షరతులు.

యౌవనమున కార్బెట్ రైల్వే కొలువున చేరి, గంగాతీరమునందలి మొకామా ఘాట్‌లో ఇరువది సంవత్సరములకు పైగా సరకుల రవాణా నడపెను. సెలవులు దొరకినపుడు మాత్రమే కొండలకు వచ్చుచుండెను. 1907లో చంపావత్ ప్రాంతమున ఒక ఆడపులి మనుష్యులను చంపుచుండెను. నేపాలులోను కుమావూన్‌లోను అది చంపినవారి సంఖ్య 436 అని లెక్క. దానిని చంపుమని ప్రభుత్వము కోరగా కార్బెట్ రెండు షరతులు పెట్టెను. పులి తలకు ప్రకటించిన బహుమానమును రద్దు చేయవలెను. అడవిలో తిరుగుచున్న ఇతర వేటగాండ్రను, సైనికులను వెనుకకు పిలువవలెను. మొదటిది ఆత్మగౌరవమునకు సంబంధించినది. రెండవది ప్రాణమునకు సంబంధించినది. పొదలో ఆకు కదలినంతనే పులియని కాల్చువారు పలువురున్న అడవిలో, పులికంటె ఆ తుపాకులే ఆయనకు భయమును కలిగించెను. నరభక్షకి యెదుటికి ఒంటరిగా పోవుటకు వెనుదీయని ఆయన, పొరపాటున ఎవరి గుండుకో బలియగుటకు సిద్ధముగా లేడు.

చంపావత్‌లో తాసీల్దారు 298 మంది గ్రామస్థులను ప్రోగుచేసెను. వారిలో పలువురు తుపాకులు తెచ్చిరి. కార్బెట్ వారినందరిని కొండ శిఖరమున నిలిపి, తాను తిరిగి వచ్చి పిలుచువరకు ఒక్కడును క్రిందికి దిగరాదని గట్టిగా చెప్పెను. సైగ చేసినపుడే చప్పుడు చేయవలెనని ఏర్పాటు. అయితే ఆయన తన చోటికి చేరకముందే వారు తొందరపడి కేకలు వేయుచు తుపాకులు ప్రేల్చసాగిరి. పులి బెదరి బయటికి దుమికెను. కార్బెట్ వద్ద మూడే తూటాలుండెను. అవి మూడును కాల్చివేసెను. పులి గాయపడినను చావలేదు. ఆయన పరుగెత్తి తాసీల్దారు చేతి తుపాకి తీసికొని పులివైపు మరలెను. అపుడుగాని ఆ తుపాకి గొట్టములు వెనుకభాగమున సరిగా మూతపడక సందు ఏర్పడియున్నట్లు కనబడలేదు. కాల్చినచో మంట వెనుకకు ఎగసి కన్నులు పోవచ్చును. వేరు దారిలేక కాల్చెను. పులి కూలెను. గుండు తగిలినది మాత్రము గురిపెట్టిన నోటికి కాదు, ముందరి పంజాకు! మునుపటి గాయములే దానిని చంపినవి. మూడే తూటాలతో బయలుదేరుట కార్బెట్ చేసిన తప్పు. తన గ్రంథమున ఆయన ఈ సంగతిని దాచలేదు.

1929 ఫిబ్రవరిలో ఏనుగులపై పక్షుల వేటకు పోయినపుడు, తోడివాని పెద్ద రైఫిలు ఆయన చెవి దాపున ప్రేలెను. గుండు తగులలేదు, ఆ ధ్వనికే కర్ణభేరి పగిలెను. తల లోపల వ్రణమేర్పడి ముఖము వాచి ఒక కన్ను మూసికొనిపోయెను. అడవిలో వేటగానికి చెవి కన్నుకంటె ముఖ్యము. జింక అరపును, కోతి కూతను విని పులి ఏ దిక్కున నున్నదో తెలిసికొనవలెను. ఆ స్థితిలోనే ఏప్రిలులో తల్లాదేశ్ నరభక్షకిని వెదకుచు వెళ్ళెను. రాత్రి చెట్టుపై కూర్చుండగా వ్రణము పగిలి బాధ తగ్గెను. గాయపడిన పులిని విడిచిపోక, దినముల తరబడి జాడ పట్టి చంపినగాని తిరిగిరాలేదు.

వయసు పెరిగినకొలది కార్బెట్ తుపాకికి బదులు సినిమా కెమెరా పట్టెను. 1936లో ఏర్పడిన హేలీ జాతీయవనమునకు ఆయన కృషి తోడ్పడెను. రెండవ ప్రపంచయుద్ధమున సైనికులకు అడవిలో మెలగు విధమును నేర్పెను. 1947లో సోదరి మ్యాగీతో కెన్యాకు వెళ్ళి, అచటి న్యేరి పట్టణమున 1955 ఏప్రిల్ 19న కన్నుమూసెను. ఆ వనమునకు 1957లో ఆయన పేరు పెట్టిరి.