పరుల యింట బసచేసిన తత్త్వవేత్త: స్పినోజా చరిత్రము

తత్త్వవేత్తల చరిత్రములను వ్రాయువారు వారి సిద్ధాంతములను విస్తరించి చెప్పుదురు గాని, వారెవరి యింట నుండిరి, అద్దె యెట్లు చెల్లించిరి, ఇరుగుపొరుగువారితో నెట్లు మెలగిరి యను సంగతులను అల్పములని విడిచిపెట్టుదురు. స్పినోజా విషయమున నీ సంగతులు అల్పములు గావు. ఇరువదిమూడేండ్ల ప్రాయమున స్వజనులచేత వెలివేయబడినది మొదలు నలువదినాలుగేండ్ల ప్రాయమున కన్నుమూయువఱకును ఆయనకు సొంతయిల్లు లేదు. మతవిషయమున స్వతంత్రముగా నాలోచించువానికి తలదాచుకొన నెవరు చోటిత్తురు? చోటు దొరకినవాడు ఆ యింటివారియెడల నెట్లు నడుచుకొనవలయును? ఈ రెండు ప్రశ్నలకును ఆయన జీవితమున ప్రత్యుత్తరము దొరకును.

స్పినోజా క్రీ. శ. 1632వ సంవత్సరము నవంబరు 24వ తేదీని హాలండు దేశములోని ఆమ్‌స్టర్‌డాము నగరమున జన్మించెను. ఆయన పూర్వులు పోర్చుగలు దేశమున మతహింసకు తాళలేక వలసవచ్చిన యూదులు, తండ్రి వర్తకుడు. బిడ్డకు బారూకు అని పేరు పెట్టిరి. ధన్యుడని దాని యర్థము. తరువాత నాయన యా పేరునే లాటినుభాషలోనికి మార్చి బెనెడిక్టసు అని వ్రాసుకొనెను. బాల్యమున వేదపాఠశాలలో హీబ్రూభాషను పవిత్రగ్రంథములను చక్కగా నభ్యసించెను. వయస్సు వచ్చినకొలది, పెద్దలు చెప్పినదని మాత్రమే దేనినైనను నమ్ముట ఆయన మనస్సునకు సరిపడదయ్యెను. 1656వ సంవత్సరము జూలై 27వ తేదీని యూదసంఘాధికారులు ప్రార్థనామందిరమున వెలిపత్రికను చదివించిరి. ఎవ్వరును ఆయనతో మాటాడరాదనియు, ఆయనకు మేలు చేయరాదనియు, ఒక కప్పు క్రింద వసింపరాదనియు, నాలుగు మూరల దూరములోపల నిలువరాదనియు, ఆయన వ్రాసినది చదువరాదనియు దానిలో శాసించిరి. వెలి యననేమో మనదేశపు చదువరులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. నిప్పును నీళ్లును ఇయ్యని వీధిలో బ్రతుకుట యెట్టిదో మనవారెఱుగుదురు.

తండ్రి యాస్తినిగూర్చి తోబుట్టువులతో వివాదము కలుగగా స్పినోజా న్యాయస్థానమునకు పోయి తన హక్కును స్థాపించుకొనెననియు, గెలిచినపిదప ఒక మంచమును దాని తెరను మాత్రము తీసికొని తక్కినదంతయు వారికే విడిచిపెట్టెననియు చరిత్రకారులు చెప్పుదురు. హక్కును పోగొట్టుకొనుట వేఱు. హక్కును నిలువబెట్టుకొని దానిని త్యజించుట వేఱు.

జీవనమునకై ఆయన అద్దములు సానపట్టు విద్యను నేర్చెను. దూరదర్శినులకును సూక్ష్మదర్శినులకును కావలసిన అద్దములను ఆయన సానపట్టినంత నున్నగా పట్టువారు కొద్దిమందియే. ఈ పనికి ఒక గదియు, మంచి వెలుతురును, సానదిమ్మెయు చాలును. కావున ఎక్కడ బస దొరకిన నక్కడ సాగునట్టి వృత్తి యది. అయితే ఆ గాజుపొడి ఆయన రొమ్మునకు చేటుచేసియుండునని పలువురు తలంతురు.

1661వ సంవత్సర ప్రాంతమున ఆయన లైడెను పట్టణ సమీపమున నున్న రైన్స్‌బర్గు గ్రామమునకు పోయి ఒక శస్త్రవైద్యుని యింట గది పుచ్చుకొనెను. గురువులతో నిమిత్తము లేకుండ ఎవరికి తోచినది వారు సభలో చెప్పుకొను ఉదారక్రైస్తవులకు ఆ గ్రామము కూడలి. అట్టిచోట వెలివేయబడినవానికి అద్దెకు గది దొరకుట కష్టము కాలేదు. 1663లో హేగు నగరమునకు చేరువనున్న వూర్‌బర్గునకు తరలి టైడెమాను అను చిత్రకారుని యింట చేరెను. ప్రసిద్ధశాస్త్రజ్ఞుడగు క్రిస్టియాను హైగెన్సు కుటుంబమువారి తోటయిల్లు ఆ యూరనే యుండెను. అద్దముల ప్రసంగముచేత వారిరువురకును పరిచయము కలిగెను.

అద్దెకున్నవాని కీర్తియు అపకీర్తియు ఇంటివానికిని కొంత తగులును. 1665లో వూర్‌బర్గు దేవాలయమున క్రొత్త బోధకుని నియమించు విషయమై గ్రామస్థులు రెండు పక్షములైరి. టైడెమాను ఒక పక్షమువారితో కలిసి అర్జీ పెట్టగా, ఎదుటిపక్షమువారు డెల్ఫ్టు నగరాధికారులకు వ్రాసికొనుచు, ఆయన యింట యూదుడుగా పుట్టిన నాస్తికు డొకడున్నాడని యెత్తిపొడిచిరి. అయినను టైడెమాను ఆయనను వెడలగొట్టలేదు. మతస్వాతంత్ర్యమునకై 1670లో కర్తపేరు లేకుండ వెలువడిన గ్రంథములో చాలభాగమును స్పినోజా యీ యింటనే వ్రాసెను. ప్రభుత్వము 1674లో దానిని నిషేధించెను.

ఇంతలో నాయన హేగు నగరమునకు వచ్చెను. అది రాజ్యాంగసభలు కూడు నగరము. కాలువలవెంట బారులుతీరిన యిటుకయిండ్లు గలది. అచ్చట మొదట వేర్‌కాడె యను వీధిలో ఒక వితంతువు యింట వెనుకవైపు మేడగదిని అద్దెకు పుచ్చుకొనెను. భోజనము గదికే తెచ్చియిచ్చెడువారు. రెండుమూడు దినములు ఎవ్వరి మొగమును చూడక పని చేసికొనుటయు గలదు. కొంతకాలమునకు ఈ యేర్పాటు తన రాబడికి మించినదని కనిపెట్టి, 1671లో దగ్గఱనే యున్న పావిల్యూన్స్‌గ్రాక్టు వీధిలో వాండర్ స్పైకు అను చిత్రకారుని యింటికి మాఱెను. ఇచ్చట తన తిండి తానే చూచుకొనెను. ఒకనాడు వెన్న వేసి కాచిన పాలజావకు మూడు స్టైవరులును, బీరుకు ఒకటిన్నర స్టైవరును మాత్రమే వ్రయమైనట్లు ఆయన లెక్కలవలన తెలియుచున్నది. ఇరువది స్టైవరు లొక గిల్డరు. మూడుమాసముల కొకసారి లెక్క సరిచూచుకొని, ఏటి చివరకు మిగులును తగులును లేకుండ చేసికొనుట ఆయన నియమము.

ఈ సంగతులను మనకు తెలిపినవాడు కోలెరసు అను లూథరు మతబోధకుడు. ఆయన స్పినోజా మరణానంతరము ఆ వితంతువు విడిచిన గదిలోనే తాను వసించి, వాండర్ స్పైకు కుటుంబమువారిని విచారించి, 1705లో చరిత్రమును ప్రకటించెను. స్పినోజా సిద్ధాంతములు ఆయనకు మిక్కిలి అసహ్యములు. కావుననే నడవడినిగూర్చి ఆయన పలికిన మంచిమాటలు మఱింత నమ్మదగియున్నవి.

ఆ చరిత్రమునుబట్టి చూడగా, స్పినోజా తీరికవేళ మేడదిగి వచ్చి ఇంటివారితో కూర్చుండి పొగాకు త్రాగుచు ముచ్చటించెడివాడు. ఇంట నెవరికైన జబ్బుచేసిన నోదార్చెడివాడు. పిల్లలకు తల్లిదండ్రుల మాట వినవలయుననియు దేవాలయమునకు పోవలయుననియు బోధించెడివాడు. వారు తిరిగివచ్చినపుడు ఉపన్యాసములో నేమి నేర్చుకొంటిరని యడిగెడివాడు. ఒకనాడు ఇల్లాలు తన మతముచేత తనకు ముక్తి కలుగునా యని ఆయన నడుగగా, ఆమె మతము మంచిదేయనియు, శాంతముగా భక్తితో జీవించినచో వేఱొకదానిని వెదక నక్కఱలేదనియు సమాధానము చెప్పెను. తర్కముచేత నామె విశ్వాసమును కూలద్రోయగల శక్తి ఆయనకు లేకపోలేదు. ఒకరి యింట నుండి వారి మనశ్శాంతిని చెఱుచుట మాత్రము ఆయనకు సమ్మతము కాదు.

1672వ సంవత్సరము హాలండునకు విపత్కాలము. ఫ్రెంచిసేనలు దేశముమీద పడినవి. ఆగస్టు 20వ తేదీని హేగు నగరమున అల్లరిమూకలు ప్రజానాయకుడగు యాన్ డివిట్టును ఆయన యన్నను చెఱసాలదగ్గఱ చంపి శవములను ఛిన్నాభిన్నము చేసిరి. ఎన్నడును కోపమెఱుగని స్పినోజా ఆ రాత్రి కన్నీరు కార్చుచు, ఆ ఘాతుకులను నిందించు ప్రకటన మొకటి వ్రాసి హత్యాస్థలమున నంటింప సిద్ధపడెను. వాండర్ స్పైకు తలుపునకు తాళమువేసి ఆయనను వెలుపలికి పోనీయలేదు. మఱుసటి యేట ఫ్రెంచిసేనాపతి కొలువువారి పిలుపుమీద స్పినోజా యూట్రెక్టునకు పోయి వచ్చెను. ఆయన శత్రువుల వేగులవాడని పుకారు పుట్టెను. మూకలు తన యింటిని పగులగొట్టునని గృహస్థుడు భయపడగా, తలుపువద్ద సందడి కాగానే తానే వారి యెదుటికి పోయెదననియు, డివిట్టు సోదరులకు పట్టిన గతి తనకు పట్టినను పట్టుగాక యనియు స్పినోజా ధైర్యము చెప్పెను. దైవవశమున అట్టిది సంభవింపలేదు.

ఇంతటి బీదతనమును ఆయన గత్యంతరము లేక సహించెనని తలపరాదు. సైమను డివ్రీసు అను మిత్రుడు రెండువేల గిల్డరు లీయబోగా వలదనెను. ఆ మిత్రుని పిదప ఆయన సోదరుడు ఏటేట ఐదువందలు ఈయదలంపగా మున్నూటితో సరిపుచ్చుకొనెను. 1673లో హైడెల్‌బర్గు విద్యాపీఠమువారు ఆచార్యపదవి యిచ్చెదము రమ్మనిరి. ప్రభుత్వమతమునకు భంగము కలిగింపరాదని మాత్రము సూచించిరి. ఆ హద్దు ఎక్కడ మొదలగునో తనకు తెలియదని మర్యాదగా చెప్పి ఆయన నిరాకరించెను. విశాలమైన ఆచార్యగృహముకంటె హద్దులేని యద్దెగది ఆయనకు ప్రియమయ్యెను.

1676 నవంబరులో లైబ్నిట్జు పండితుడు ఆ గదికి వచ్చి ఆయనను దర్శించెను. అప్పటికే క్షయరోగము ముదిరియుండెను. 1677 ఫిబ్రవరి 21వ తేదీ ఆదివారమునాడు ఇంటివారు మధ్యాహ్నోపాసనకై దేవాలయమునకు పోయియుండగా, ఆమ్‌స్టర్‌డామునుండి వచ్చిన వైద్యుడొకడు దగ్గఱనుండ, స్పినోజా ప్రాణము విడిచెను. శవయాత్రలో ఆఱు బండ్లు వెంట నడిచెను. ఆయన కోరిక ప్రకారము గృహస్థుడు ఆయన వ్రాతబల్లను ఆమ్‌స్టర్‌డాములోని ప్రకాశకునికి పంపెను. అందున్న కాగితములే ఆ సంవత్సరాంతమునకు గ్రంథములై వెలువడినవి. అందు నీతిశాస్త్రము ముఖ్యమైనది. సుమారు నూటయఱువది పుస్తకములును, సాన సామగ్రియు, కొలదిపాటి బట్టలును తప్ప ఆయన విడిచిన యాస్తి చెప్పదగినది లేదు. తోబుట్టువు రెబెకా వారసత్వము కోరివచ్చి, అప్పులుపోను మిగులునది లేదని తెలిసి మానుకొనెను.

రైన్స్‌బర్గు గృహము 1899 మొదలు స్మారకశాలగా నున్నది. 1920లో ఐన్‌స్టీను పండితుడు దానిని చూడవచ్చెను. హేగులో వాండర్ స్పైకు గృహము నేటికిని నిలిచియున్నది. దాని చేరువను 1880లో స్పినోజా విగ్రహము నెలకొల్పిరి. వైద్యుడును, ఇద్దఱు చిత్రకారులును, ఒక వితంతువును ఆయనకు చోటిచ్చిరి. వారిలో నెవ్వరును ఆయన సిద్ధాంతములను అంగీకరించినట్లు కానరాదు. తమకు నచ్చని యభిప్రాయములవాడు నడవడిలో మంచివాడైనచో కప్పు క్రింద నుండనిచ్చిరి, అంతే. చదువరులారా, మనలో నిండ్లు గలవారనేకులు గలరు. గది యడుగవచ్చినవానిని మొట్టమొదట కులమును మతమును అడుగుట మన వీధులలో నింకను మానలేదు. ఆ ప్రశ్నను విడిచి నడవడిని విచారించుట మన చేతిలోని పని.